అపిస్టోల ట్యాంక్‌లో బాదం ఆకులు, కాయలు: ముందు నీళ్లు, తర్వాతే ఆకులు

మీరు అడిగినదాని సారాంశం ఇదీ. హైదరాబాద్‌లో రెండడుగుల ట్యాంక్. కకాటుయోడిస్ రకం అపిస్టోలు (దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిన్న సిక్లిడ్ చేపలు, వీటినే డ్వార్ఫ్ సిక్లిడ్లు అంటారు) ఒక మగ, రెండు ఆడ. బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) 650, కేహెచ్ (ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బనేట్ కొలత) 12. పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) తగ్గుతుందని పది బాదం ఆకులు ఒకేసారి వేశారు. వారం తిరిగేసరికి నీళ్లకు టీ డికాక్షన్ రంగు వచ్చింది కానీ పీహెచ్ 7.8 దగ్గరే ఉండిపోయింది. ఆకుల మీద తెల్లటి జిగురు పట్టింది, తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు ఆడిస్తున్నాయి. ఆకులు ఉడికించాలా, రోడ్డు పక్కన రాలిన కాయలు వేయొచ్చా అని కూడా అడిగారు.

మిగతాదంతా తర్వాత, ముందు చేపల ఊపిరి సంగతి చూడండి. ఈ రోజే ఏడు ఆకులు తీసేసి మూడు ఉంచండి. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి రాత్రీపగలూ ఆడనివ్వండి. మూడో వంతు నీళ్లు మార్చండి. ఇప్పటికి మాత్రం పాత బోరు నీళ్లే, క్లోరిన్ లేకుండా, అదే వేడిలో పోయండి. ఆర్‌ఓ నీళ్ల సంగతి కింద చెబుతాను, ఈ పరిస్థితిలో ఒక్కసారిగా నీటి గుణం మార్చడం మంచిది కాదు. చేపలు పైకి రావడానికి కారణం ఆకుల్లో విషం ఉండడం కాదు. పది ఆకులు ఒకేసారి నీళ్లలో పడేసరికి వాటిలోంచి కరిగిన చక్కెరలు, ప్రొటీన్లు తిని బ్యాక్టీరియా విపరీతంగా పెరిగింది. అది పగలూ రాత్రీ ఆక్సిజన్ లాగేస్తుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వవు, పైగా తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ట్యాంక్‌లో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సాయంత్రం చూసి చేపలు బాగున్నాయని అనుకోకండి, ఉదయం లైటు వేయక ముందు చూడండి.

ఆకుల మీది తెల్ల జిగురుకు మాత్రం కంగారు పడక్కర్లేదు. అది బ్యాక్టీరియా, ఫంగస్ కలిసి కట్టిన పొర. రెండు మూడు వారాల్లో దానంతటదే పలచబడుతుంది. నత్తలు, చెర్రీ రొయ్యలు ఉంటే ముందే తినేస్తాయి. దాన్ని కడిగి తీసేస్తే మళ్లీ మొదటినుంచి పడుతుంది, అంతే.

ఇక పీహెచ్. నీళ్లు టీ రంగుకు తిరిగాయి కాబట్టి మెత్తబడ్డాయి, అంటే లవణాలు తగ్గాయి, అనుకోవడం ఈ హాబీలో అన్నిటికంటే ముందు పోగొట్టుకోవాల్సిన భ్రమ. ఆకులు నీళ్లలోని కాల్షియం తీసేయలేవు. వాటి ఆమ్లాలు పీహెచ్‌ను కిందికి లాగే ప్రయత్నం చేస్తాయి, నీళ్లలోని బైకార్బనేట్, అంటే కేహెచ్, ఆ ఆమ్లాన్ని మింగేస్తూ ఉంటుంది. ఎంత మింగగలదో లెక్క కట్టి చూడండి. ఒక డిగ్రీ కేహెచ్ అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌తో సమానం. 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ట్యాంక్‌లో ఇసుక, కర్రలు పోను 45 లీటర్ల నీళ్లు పడతాయి. కేహెచ్ 12 దగ్గర ఆ నీళ్లలో దాదాపు 10 గ్రాముల సున్నపురాయి కరిగి ఉన్నట్టే. ఎండిన బాదం ఆకు ఒక్కోటి తూగేదే కొద్ది గ్రాములు, అందులో ఆమ్లంగా పనికొచ్చే భాగం ఇంకా తక్కువ, అదీ బలహీనమైన ఆమ్లం. పది కాదు, ఇరవై ఆకులు వేసినా మీ బోరు నీళ్ల పీహెచ్ చెప్పుకోదగ్గంత దిగదు. నీళ్లు ఇంకా నల్లబడతాయి, ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. మొదటికే మోసం వస్తుంది.

కాబట్టి నీళ్లు మెత్తబడాలంటే ఆర్‌ఓ నీళ్లో వాన నీళ్లో కలపాలి. ఆకులు చేసే పని ఆ తర్వాత మొదలవుతుంది. మీ లెక్క ప్రకారం ఒక వంతు బోరు నీళ్లకు ఐదు వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపితే కేహెచ్ 2, ఆర్‌ఓ టీడీఎస్ 30 అనుకుంటే మిశ్రమం టీడీఎస్ 130 ప్రాంతంలో వస్తుంది. ఇంట్లో తాగే నీళ్ల ఆర్‌ఓ వాడుతుంటే ఒక విషయం చూసుకోండి: చాలా మెషీన్లలో రుచి కోసం ముడి నీటిని కొంత కలిపే టీడీఎస్ కంట్రోలర్ గానీ, మినరల్ కార్ట్రిడ్జ్ గానీ ఉంటుంది. దాన్నుంచి వచ్చే నీళ్లు 100, 150 టీడీఎస్ కూడా ఉండొచ్చు. పెన్ మీటర్‌తో కొలిచి, కేహెచ్ టెస్ట్ కూడా చేసి, అప్పుడు పాళ్లు లెక్క వేసుకోండి. కేహెచ్ టెస్ట్ తేలికే: 5 మి.లీ. నీళ్లలో ఒక్కో చుక్క వేసి కలుపుతూ పోతే నీలం రంగు ఎన్నో చుక్కకు పసుపుకు తిరిగిందో అన్ని డిగ్రీలు. మెత్తటి నీళ్లలో ఒక చుక్కకే రంగు మారిపోతుంది, అప్పుడు 10 మి.లీ. నీళ్లు తీసుకుని చుక్కల సంఖ్యను సగం చేయండి, సగం డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది. టీ రంగు నీళ్లలో పసుపు సరిగ్గా కనబడదు. ట్యూబును తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి, పక్కన ఏ మందూ కలపని ట్యాంక్ నీళ్లు ఇంకో ట్యూబులో పెట్టుకుంటే పోల్చుకోవచ్చు.

మార్పు నిదానంగా చేయండి. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ ఐదో వంతు నీళ్లు తీసి ఈ మిశ్రమం పోస్తే నాలుగు వారాలకు టీడీఎస్ 650 నుంచి 220కి, కేహెచ్ 4 లోపుకి వస్తుంది. కకాటుయోడిస్‌కు అది చక్కగా సరిపోతుంది. ఇది పెరూ వైపు అమెజాన్ నీళ్ల చేప, డ్వార్ఫ్ సిక్లిడ్లలో కొంచెం గట్టి నీళ్లను ఓర్చుకునే రకం. మీ దగ్గర ఉన్నది అగాస్సిజి అనే ఇంకో అపిస్టో అయి ఉంటే, కేహెచ్ 1 లోపు, పీహెచ్ 6 చుట్టుపక్కల అని చెప్పేవాణ్ని. రియో నీగ్రో లాంటి నల్లనీటి నదుల నుంచి వచ్చే రకాలకు ఇంకా కింద: అక్కడ పీహెచ్ 4, 5 దగ్గర ఉంటుంది, నీళ్లలో లవణాలు దాదాపు వాన నీళ్లంతే. రామిరెజి అనే ఇంకో డ్వార్ఫ్ సిక్లిడ్‌ది వేరే కథ. అది వెనెజులా, కొలంబియాల్లో ఒరినోకో గడ్డి మైదానాల చేప, దానికి ఆకుల పరుపు కన్నా 28 డిగ్రీల వేడి ముఖ్యం. "డ్వార్ఫ్ సిక్లిడ్" అన్న ఒక్క పేరు కింద అన్నిటికీ ఒకే వైద్యం చేయకండి.

మరి ఆకులు ఎందుకు? అమెజాన్ చిన్న వాగుల ఒడ్డున, వరదకు మునిగిన అడవి నేల మీద, అపిస్టోలు బతికేదే రాలిన ఆకుల పొరల మధ్య. వాటికి ఆకే ఇల్లు, ఆకే సరిహద్దు గోడ. ఆకు మీద పట్టే సూక్ష్మజీవులూ, వాటిని తినే చిన్న పురుగులే తిండి. ట్యాంక్‌లోనూ అసలు లాభం ఇదే. మగచేప తరుముతుంటే ఆడచేప ఒక ఆకు కిందకి దూరి అతని చూపు నుంచి తప్పుకోగలగాలి. రెండడుగుల ట్యాంక్‌లో ఇద్దరు ఆడవాళ్లు గాయాలు లేకుండా ఉండాలంటే రాళ్లు, కర్రల కన్నా పరుచుకున్న ఆకులే ఎక్కువ పనికొస్తాయి. దానితోపాటు ఆకుల నుంచి దిగే టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు (నీళ్లకు టీ రంగు ఇచ్చేవి ఇవే) ఫంగస్‌ను, కొన్ని బ్యాక్టీరియాలను కొంతవరకు అణచి ఉంచుతాయి, వెలుతురును తగ్గిస్తాయి, చేపల బెదురు తగ్గుతుంది, రంగులు తేలతాయి. జబ్బు చేసిన చేపకు మందు మాత్రం కాదు. తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు ఆకు వేసి కూర్చుంటే చేప దక్కదు.

ఆకుల విషయంలో మన అదృష్టం ఏమిటంటే, ప్రపంచమంతా డబ్బు పెట్టి కొనే కటప్పా ఆకు మన వీధుల్లో బాదం చెట్టు కింద ఊరికే రాలి ఉంటుంది. డ్రై ఫ్రూట్ బాదం కాదు, గొడుగులా అంతస్తులంతస్తులుగా కొమ్మలు చాచే ఈ నాటు బాదమే. ఆకు రాలే ముందు ఎర్రబడుతుంది. ఎర్రగా మెత్తగా ఉన్నది వద్దని కాదు, కానీ ఇంటికి తెచ్చి గోధుమ రంగుకు తిరిగి, వంచితే పెళుసుగా విరిగేంత ఎండబెట్టాలి. పచ్చి ఆకు ఎప్పుడూ కోయకండి. రాలబోయే ఆకు నుంచి చెట్టు తనకు పనికొచ్చే చక్కెరలు, నత్రజని చాలా భాగం వెనక్కి లాగేసుకుంటుంది, మిగిలేది పీచు, టానిన్. పచ్చి ఆకును కోసి ఎండబెడితే ఆ చక్కెరలు అందులోనే ఉండిపోతాయి, నీళ్లలో పడగానే కుళ్లుతాయి. మీ ట్యాంక్‌లో అంత జిగురు పట్టడానికి ఒకేసారి పది వేయడంతోపాటు ఇదీ కారణం కావచ్చు: మీరు పంపిన ఫోటోలో రెండు ఆకుల ఈనెల పక్కన ఇంకా ఆకుపచ్చ చార కనిపిస్తోంది.

ఎక్కడ ఏరుతున్నారన్నది ఆకు రకమంత ముఖ్యం. దోమల ఫాగింగ్ జరిగే వీధుల్లో, పురుగుమందు కొట్టే తోటల్లో, పార్కుల్లో వద్దు. దోమల మందుల్లో వాడే పైరెథ్రాయిడ్లు మనిషికి పెద్దగా చేయని మోతాదులోనే చేపకు విషం, రొయ్యకు ఇంకా ఎక్కువ. తోటల్లో కొట్టే రాగి మందుల సంగతీ అంతే, ఆకు మీద నీలి మచ్చలు కనబడితే పక్కన పెట్టండి. రద్దీ రోడ్డు పక్క చెట్టు ఆకు మీద పొగ జిడ్డు పేరుకుని ఉంటుంది, తెల్ల గుడ్డతో తుడిస్తే తెలుస్తుంది. కాలేజీ ఆవరణ, పాత గుడి ప్రాంగణం, ఊళ్లో ఇంటి పెరడు మేలు. పక్షి రెట్టలు, సాలె గూళ్లు, పురుగు గుడ్లు ఉన్నవి వదిలేయండి. ఏరినవాటిని నీడలో న్యూస్‌పేపర్ మీద ఒక్కో పొరగా ఆరబెట్టి, పూర్తిగా ఎండాక కాగితపు సంచిలో కట్టి గాలి తగిలేచోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెడితే వానాకాలంలో లోపలే బూజు పడుతుంది. నల్ల, ఆకుపచ్చ బూజు పట్టిన ఆకును ఎండబెట్టి వాడదామని చూడకండి, పారేయండి.

ఉడికించాలా? నా అభిప్రాయం: ఆకుకు అవసరం లేదు, కాయలకు తప్పదు. ఆకును నల్లా కింద రెండు వైపులా మెత్తటి స్పాంజితో రుద్ది కడగండి, సబ్బు వద్దు. తర్వాత ఒక గిన్నెలో పెట్టి మరిగిన నీళ్లు పోసి చల్లారేదాకా ఉంచండి. మునగడానికీ, మీది దుమ్మూ సూక్ష్మజీవులూ పోవడానికీ అది చాలు. పావుగంట ఉడికిస్తే ఆకు పీచు విడిపోతుంది, ట్యాంక్‌లో ఆరు వారాలు ఉండాల్సింది మూడు వారాలకే చీకిపోతుంది, టానిన్ అంతా గిన్నెలోనే దిగిపోతుంది. ఆ గిన్నెలో దిగిన నీళ్లు శుభ్రంగా ఉంటే పారబోయకండి, వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నీళ్లు మార్చిన రోజు కొత్త నీళ్లకు ఆ రసం కొంచెం కలిపితే రంగు తగ్గకుండా ఉంటుంది. విడిగా రసం కాచుకోవాలంటే రెండు లీటర్ల నీళ్లకు నాలుగైదు ఆకులు, ఇరవై నిమిషాలు సన్నని మంట మీద. చల్లారాక 20 లీటర్లకు 100 మి.లీ.తో మొదలుపెట్టి రంగు చూసుకుంటూ పెంచండి.

మోతాదు: మీ 45 లీటర్లకు మొదటి వారం రెండు మధ్యరకం ఆకులు. తర్వాత వారానికి ఒకటో రెండో. నెల దాటాక ఆరు నుంచి ఎనిమిది ఆకులు ఉండేలా నిలుపుకోండి, పాతవి జల్లెడలా ఈనెలు మిగిలాక కొత్తవి వేస్తూ. పాతవి అన్నీ ఒకేసారి తీయొద్దు, సూక్ష్మజీవుల పొర వాటి మీదే ఉంటుంది.

బాదం ఒక్కటే అక్కర్లేదు. జామ ఆకు చిన్నది, గట్టిది, నెమ్మదిగా చీకుతుంది, రంగు పలచగా దిగుతుంది, ఇంటి జామ అయితేనే సుమా, తోట జామకు మందులు కొడతారు. పనస ఆకు తోలులా మందంగా ఉండి రెండు నెలలు నిలుస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు పాలు కారే చెట్టు కాబట్టి పూర్తిగా ఎండి గలగలలాడేదే వాడాలి. చెట్టు మీదే ఎండి వేలాడే అరటి ఆకు రంగు ఇవ్వదు, కానీ తొందరగా మెత్తబడి సూక్ష్మజీవులకు మంచి మేత అవుతుంది. చేపపిల్లలు ఉన్న ట్యాంక్‌లో చేతివెడల్పు ముక్క వేస్తే చాలు. ఈ మూడూ బాదం ఆకుతో కలిపి పరిస్తే ఒకటి చీకేలోపు ఇంకొకటి నిలబడి ఉంటుంది, నేల ఎప్పుడూ ఖాళీ కాదు.

ఇప్పుడు కాయల సంగతి. విదేశీ పుస్తకాల్లో, వీడియోల్లో ఆల్డర్ కోన్లు (ఆల్డర్ అనే చెట్టు ఎండు కాయలు) చూసి వాటి కోసం వెతుకుతుంటారు. మన దగ్గర వాటి పని సరుగుడు కాయలు చేస్తాయి. బాపట్ల, చీరాల, నెల్లూరు తీరంలో సరుగుడు తోటల కింద కుప్పలుగా దొరుకుతాయి. గోలీకాయంత ఉండే ఈ కాయలు రంగు బాగా దిగుతాయి, అందుకే ఆకుల కన్నా జాగ్రత్తగా వేయాలి. గింజలు రాలిపోయి నోళ్లు తెరిచిన పాత గోధుమరంగు కాయలే తీసుకోండి. సముద్రపు ఉప్పు అంటి ఉంటుంది కాబట్టి ఒక పూట మంచినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, తర్వాత పది నిమిషాలు మరిగించండి. 45 లీటర్లకు నాలుగైదు కాయలతో మొదలుపెట్టి వారం చూడండి.

రంగు కోసం కాకుండా గుహ కోసం కాయ కావాలంటే మన దగ్గర మంచి సరుకు ఉంది. అన్నిటికంటే సులువు కొబ్బరి చిప్ప. లోపల కొబ్బరి పొర గోరుకు తగలకుండా గీకేయాలి, మిగిలిన నూనె నీటి మీద తెట్టుగా తేలి గాలిని అడ్డుకుంటుంది. అరగంట ఉడికించి, నీళ్లు మార్చి ఇంకో అరగంట. బోర్లించి అంచున 2.5 నుంచి 3 సెం.మీ. వెడల్పు ద్వారం కోయండి. ఆడచేప దూరాలి, మగచేప దూరడానికి ఇబ్బంది పడాలి. కకాటుయోడిస్ మగ 7, 8 సెం.మీ. పెరుగుతుంది, ఆడ 5 దాటదు, కాబట్టి ఈ కొలత సరిపోతుంది. ద్వారం అంచులు ఇసుక కాగితంతో నునుపు చేయండి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే వెలక్కాయ, అలాగే మారేడు కాయ డిప్పలు కూడా ఇంతే గట్టిగా ఉండి ఏడాది పైన నిలుస్తాయి. వాటితో చిక్కు లోపలి గుజ్జు. అది చక్కెర ముద్ద, కొంచెం మిగిలినా నీళ్లు పాలలా తెల్లబడతాయి. పక్కన రంధ్రం చేసి గుజ్జంతా తోడి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, గంట ఉడికించి, ఎండలో పెట్టి, మళ్లీ ఉడికించండి. ఆఖరి నీళ్లు వాసన చూడండి. తీపి, పులుపు వాసన తగిలితే ఇంకో విడత.

ఎండిన తామర కాయలు అలంకరణ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. రంగు పూసినవి, వార్నిష్ వేసినవి వద్దు. బెండులా తేలికగా ఉంటాయి కాబట్టి మునగడానికి గంటన్నర ఉడికించినా రెండు మూడు రోజులు రాయి కట్టి ఉంచాల్సి వస్తుంది. మహాగని కాయ చెక్క డిప్పలు, గుర్రపు బాదం డిప్పలు పడవల్లా వంగి ఉంటాయి, బోర్లిస్తే పిల్లలకు మంచి నీడ. వీటి గింజలు మాత్రం ఒక్కటి కూడా లోపలికి పోకూడదు, డిప్ప మాత్రమే. బాదం ఆకు మంచిదని బాదం కాయ వేయకండి, పైతోలు కుళ్లుతుంది, లోపల పప్పు నూనె విడుస్తుంది.

చేతికందిన కాయల్లా వేయొచ్చా అన్న మీ ప్రశ్నకు జవాబు గట్టిగా వద్దు అనే. మన పల్లెల్లో చేపలకు మత్తు పెట్టి పట్టడానికి వాడిన చెట్లు కొన్ని ఇంటి పక్కనే ఉంటాయి. చెరువుల్లో కొత్త చేపపిల్లను వదిలే ముందు పనికిరాని చేపల్ని చంపడానికి చల్లేది ఇప్ప చెక్కనే (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి), దానిలోని సాపోనిన్లు చేప మొప్పల్ని దెబ్బతీస్తాయి. కుంకుడు కాయ, శీకాయల్లోనూ నురగ వచ్చేది సాపోనిన్ల వల్లే, కాబట్టి అవి ట్యాంక్ దరిదాపుల్లోకి రాకూడదు. కానుగ కాయ, మంగ కాయ కూడా చేపలకు విషమే. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం ఏ భాగమైనా వద్దు. నీలగిరి ఆకులో నూనె, వేపాకులో పురుగుల్ని చంపే గుణం ఉన్నాయి, వేప మనకు మంచిదన్న నమ్మకంతో రొయ్యల ట్యాంక్‌లో వేయకండి. మామిడాకు జిగురు, రసం వల్ల వద్దు. నిద్రగన్నేరు కాయ పైకి ఎండినట్టే ఉంటుంది, విరిస్తే లోపల తీపి బంక ఉంటుంది, నీళ్లు చెడగొడుతుంది. కొత్త కాయ ఏదైనా సరే, పేరు ఖచ్చితంగా తెలియకపోతే వేయకండి. తెలిసినదైనా ఉడికించాక ఒక బకెట్‌లో వారం నానబెట్టి, నురగ, నూనె తెట్టు, పులిసిన వాసన లేవని చూసుకుని, బకెట్‌లో రెండు నత్తలు వేసి అవి తిరుగుతున్నాయా చూసుకోండి.

పరిచే పద్ధతికి వస్తే: కింద సన్నని ఇసుక 2 సెం.మీ. మందం చాలు. అపిస్టోలు ఇసుక నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి జల్లెడ పడతాయి, గరుకు గ్రావెల్ పనికిరాదు. జల్లించిన నది ఇసుక మంచిదే, కానీ ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి, బుడగలు వస్తే గవ్వ ముక్కలు ఉన్నట్టు, మీరు కష్టపడి తగ్గించిన కేహెచ్ మళ్లీ పెరుగుతుంది. ఆకులు వెనక భాగం, రెండు మూలలు కలిపి నేలలో సగం వరకు పరచండి, ముందు భాగం ఇసుక ఖాళీగా వదలండి. తిండి అక్కడే వేయాలి, మిగిలింది అక్కడే కనిపిస్తుంది, తీసేయొచ్చు. ఆకుల పొర 3, 4 సెం.మీ. మించితే అడుగున గాలి ఆడదు, నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆకును వంపు కిందికి వచ్చేలా బోర్లించి పెడితే కింద చేపకు చోటు ఉంటుంది. ఒక్కో ఆడచేపకు ఒక్కో గుహ, రెండింటి మధ్య కనీసం అడుగు దూరం, ద్వారాలు ఎదురెదురుగా కాకుండా. ఫిల్టర్ పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి, లేకపోతే చీకిన ఆకు ముక్కలు అడ్డుపడి మోటారు ఆగుతుంది, పిల్లలు కూడా లోపలికి పోతాయి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, ఒకవైపు టానిన్ దించుతూ ఇంకోవైపు పీల్చేయడం దండగ.

గుడ్లు పెట్టాక ఆకుల విలువ తెలుస్తుంది. ఆడచేప నిమ్మపండు పసుపులోకి తిరిగి గుహ పైకప్పుకు గుడ్లు అంటిస్తుంది. 26 డిగ్రీల దగ్గర మూడు రోజులకు పొదుగుతాయి, ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతూ బయటికి వస్తాయి. తల్లి వాటిని గుంపుగా ఒక ఆకు మీద నుంచి ఇంకో ఆకు మీదికి నడిపిస్తుంది. పిల్లలు ఆకు మీది పొరను పొడుచుకు తింటుంటాయి. ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) గుడ్లు పొదిగించి ఇవ్వాలి, అది తప్పదు, కానీ రెండు మేతల మధ్య ఆకలి తీరేది ఆకుల మీదే. కొత్తగా కడిగిన ఆకులున్న ట్యాంక్‌లో ఆ పొర ఉండదు, అందుకే గుడ్లు పెట్టాక ఆకులు వేయడం కాదు, నెల ముందే పరిచి ఉంచాలి. వేడి కూడా చూసుకోండి. అపిస్టోల్లో పిల్లలు మగవా ఆడవా అన్నదాన్ని వేడి ప్రభావితం చేస్తుందని 1990లలోనే పరిశోధకులు చూపారు: వేడి పెరిగితే మగవి, తగ్గితే ఆడవి ఎక్కువ. 30 డిగ్రీల ట్యాంక్‌లో పెరిగిన గుంపులో దాదాపు అన్నీ మగవే వస్తే ఆశ్చర్యపడకండి.

ఒక ప్రమాదం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీళ్లు మెత్తబడ్డాక మీకు ఎదురయ్యేది ఇదే. కేహెచ్ ఒకటి లోపుకి వచ్చాక ఆకుల ఆమ్లం, ఫిల్టర్ బ్యాక్టీరియా చేసే ఆమ్లం కలిసి పీహెచ్ 6 కిందికి జారుతుంది. ఆ పీహెచ్ దగ్గర అమ్మోనియాను తినే ఫిల్టర్ బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. చేపలకు అప్పటికి ఏమీ కాదు, ఎందుకంటే పీహెచ్ 6, 25 డిగ్రీల దగ్గర దానిలో విషపు రూపం వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు, మిగతాదంతా అమ్మోనియం. అప్పుడు ట్యాంక్ మురికిగా ఉందని సగం నీళ్లు తీసి నేరుగా బోరు నీళ్లు పోస్తే పీహెచ్ గంటలో 8 దగ్గరికి ఎగురుతుంది, విషపు రూపం వందలో ఐదు వంతులు దాటుతుంది, దాదాపు వంద రెట్లు. చేపలు ఆ రాత్రే పోతాయి, అందరూ ఆకుల్నే తిడతారు. కాబట్టి మెత్తటి నీళ్ల ట్యాంక్‌లో ఎప్పుడూ అదే మిశ్రమం నీళ్లే పోయాలి, ఒక్కసారికి ఐదో వంతు మించకూడదు. పీహెచ్ అనుకున్నదానికన్నా దిగిపోతుంటే ఆకులు తీసేయడం కాదు, మిశ్రమంలో బోరు నీళ్ల పాలు కొంచెం పెంచండి. కకాటుయోడిస్‌కు కేహెచ్ 2, 3 వదిలి కిందికి వెళ్లాల్సిన అవసరమే లేదు.

ఎండాకాలం గురించి కూడా ఇప్పుడే అనుకోండి. మే నెలలో ట్యాంక్ 32 డిగ్రీలకు వెళితే నీటిలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆకులు చీకే వేగం మాత్రం పెరుగుతుంది. రెండూ చేపకు వ్యతిరేకమే. ఏప్రిల్ నుంచే ఆకుల్ని సగానికి తగ్గించండి. మెత్తటి అరటి ముక్కలు మానేసి పనస, జామ లాంటి గట్టివే ఉంచండి, సరుగుడు కాయలు రెండు చాలు. నీటి మట్టం రెండు అంగుళాలు తగ్గించి పైన చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్ల స్థానంలో మిశ్రమం కాకుండా ఉత్త ఆర్‌ఓ నీళ్లు నింపండి, లవణాలు ఆవిరి కావు కాబట్టి. వానలు మొదలయ్యాక, తొలి నాలుగైదు వానలకు డాబా కడిగిపోనిచ్చి, తర్వాతి వాన నీళ్లు పట్టి డ్రమ్ములో మూత వేసి పెట్టుకుంటే ఆర్‌ఓ ఖర్చు చాలా తగ్గుతుంది. కొత్తగా సిమెంట్ వేసిన డాబా నీళ్లు మాత్రం వాడకముందు కేహెచ్ కొలవండి.